రెండో చప్పుడు

హబ్బో ఫ్రెరిక్స్ శవానికి రెండు అరచేతులూ కాలి ఉన్నాయి. ఒకటే కాలి ఉంటే నేను ఈ కేసును నిన్ననే మూసేసేవాణ్ణి.

నా ఎదురుగా వీబ్కె ఉల్ఫర్ట్స్ కూర్చుని ఉంది. ఇరవై ఆరేళ్ల పిల్ల. మా నోర్డెన్ ఊరి రిపేరు సంఘం హాలులో నిన్న మధ్యాహ్నం హబ్బో చనిపోయినప్పుడు అక్కడ ఉన్నది ఆమె ఒక్కతే. పాడైన రేడియోలు, టోస్టర్లు, బ్యాటరీ సైకిళ్ల ఛార్జర్లు జనం శనివారం పూట ఆ హాలుకు తెస్తారు. సంఘంవాళ్లు ఊరికే బాగుచేసి పెడతారు. ఓడల్లో రేడియో పని చేసి రిటైరైన, చెవి కాస్త మందగించిన హబ్బో ఆ సంఘానికి పెద్ద. వీబ్కె అతని శిష్యురాలు.

నిన్న వాళ్లు విప్పింది సోలార్ ఇన్వర్టర్‌ని. దాని లోపల పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. స్విచ్ ఆపినా అవి మనిషిని చంపేంత కరెంటును పట్టుకుని కూర్చుంటాయి. అయిదు నిమిషాల్లో అది దానంతటది దిగిపోవాలి. దిగిందో లేదో చూడటానికి హబ్బో ఆసిలోస్కోపు పెట్టేవాడు. కరెంటు ఎంత ఉందో తెర మీద గీతగా చూపించే పెట్టె అది. గీత పైన ఉంటే చావు ఉన్నట్టు. గీత అడుగుకు చేరితే చెయ్యి పెట్టవచ్చు.

హబ్బో చెయ్యి పెట్టాడు. పోయాడు.

ప్రభుత్వ న్యాయవాది పంపిన నిపుణుడు డాక్టర్ టెస్మర్ నిన్న సాయంత్రమే తేల్చేశాడు. పెట్టె సరిగానే ఉంది. గీత అడుగున ఉందంటే అప్పుడు కరెంటు లేదు. కాబట్టి హబ్బో చేతులు లోపల పెట్టాక ఎవరో మళ్లీ స్విచ్ వేశారు. స్విచ్ వీబ్కె పక్కన ఉంది. ఈ సాయంత్రం ఆ నివేదిక మీద న్యాయవాది సంతకం పడితే ఈ పిల్ల జైలుకు పోతుంది.

లెక్క సులువు. పెట్టె నిజం చెబితే వీబ్కె అబద్ధం చెబుతోంది. వీబ్కె నిజం చెబితే పెట్టె అబద్ధం చెప్పింది.

నేను టీ పోశాను. మా వైపు కప్పులో చెంచా పెడితే ఇక చాలన్న గుర్తు. ఆమె పెట్టలేదు. తాగనూ లేదు. మూడో కప్పు కూడా చల్లారింది.

స్విచ్ తనే ఆపానంది. ఆపాక దాని దగ్గరికి పోలేదంది. ఈ మాట నిన్నటినుంచి పదిసార్లు చెప్పింది. పదిసార్లూ ఒకేలా చెప్పింది. అబద్ధాలు చెప్పేవాళ్లు మూడోసారికి మెరుగులు దిద్దుతారు. ఈమె దిద్దలేదు.

"హబ్బో చేతులు ఎక్కడున్నాయి?" అన్నాను.

"ఎడంచెయ్యి జేబులో ఉంది. గీత దిగేదాకా మా అందరికీ అదే రూలు. ఒక చెయ్యి జేబులో ఉండాలి. కరెంటు ఒక చేతిలోంచి రెండో చేతిలోకి పోతే గుండె దారిలోనే ఉంటుంది కదా. నేను చేరిన రోజే చెప్పాడు. పెళ్లి ఉంగరం మర్చిపో, ఇది మాత్రం మర్చిపోకు అని."

"మరి రెండు చేతులూ కాలాయేం?"

"గీత పడుకుంది. 'పడుకుంది' అన్నాడు. ఎప్పుడూ అదే మాట. అప్పుడు జేబులోంచి తీశాడు."

అంటే హబ్బో అజాగ్రత్తగా చావలేదు. నమ్మి చచ్చాడు.

ఆ పెట్టె గురించి చెప్పమన్నాను. చౌక రకం. చేసిన కంపెనీ మూడేళ్ల క్రితమే దాన్ని వదిలేసింది. పెట్టెను నడిపే లోపలి ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారట. దానిలో తప్పులుంటే కంపెనీ దిద్దడం మానేసింది. హబ్బోలాంటివాళ్లే ఊరూరా కూర్చుని దాన్ని తిరగరాసి, ఒకరికొకరు ఇచ్చుకుంటున్నారు. హబ్బో రాసినదాన్ని తెరిస్తే ముందు అతను పనిచేసిన ఓడ బొమ్మ వచ్చేది.

"వచ్చేది అంటున్నావు. ఇప్పుడు రాదా?"

"కిందటి వారం తీసేశారు. నెట్‌లో ఒక స్నేహితుడున్నాడు, పేరు చెప్పడు. ఆరు నెలలుగా హబ్బోకి సాయం చేస్తున్నాడు. ఏదో చిన్న తప్పు దిద్ది కొత్తది పంపాడు. పెట్టెలో జాగా తక్కువ, ఒకటి పెట్టాలంటే ఇంకోటి తియ్యాలి. అందుకని ఓడ తీసేశాడు. హబ్బో ఒకరోజంతా మూతి ముడుచుకున్నాడు. గుండుసూది పెట్టడానికి ఓడంత జాగా ఎందుకురా వీడికి అన్నాడు."

"అనుమానం రాలేదా?"

"పరీక్ష చేశాడు. పెట్టె ముందు చిన్న ఇత్తడి కొక్కెం ఉంటుంది. దానికి తీగ తగిలిస్తే మూడు వోల్టులు చూపించాలి. చూపించింది. హబ్బో ఏ పనికైనా ముందు ఆ కొక్కెం పట్టుకునేవాడు. హబ్బో ప్రార్థన అని ఏడిపించేవాళ్లం. అన్నం ముందు దేవుడికి, పని ముందు కొక్కేనికి అని. పాపం, ఆ జోకును ఆ స్నేహితుడికి కూడా రాసి పంపాడు."

ఆమె మొదటిసారి నవ్వబోయింది. నవ్వు మధ్యలో ఏడుపైపోయింది.

ఏడుపు ఆగేదాకా కూర్చున్నాను. ఓదార్చడం నాకు రాదు. ఆగాక, చివరిగా ఏం విన్నావు అని అడిగాను.

"స్కోపు పెట్టెలో ఒక రిలే, అంటే దానంతటది పడే చిన్న స్విచ్ ఉంటుంది. వోల్టులు పెరిగితే టక్‌మని పడుతుంది. స్విచ్ వేసినప్పుడు టక్‌మంది. నేను ఆపేశాను. గీత మెల్లగా దిగింది. హబ్బో 'పడుకుంది' అన్నాడు. పడిపోయాడు." ఆగింది. "తర్వాత మళ్లీ టక్‌మంది."

"తర్వాతా?"

"ఆయన పడ్డాక. నేను అప్పుడు అరుస్తున్నా. అయినా వినపడింది. ఎందుకు వినపడిందో తెలీదు, రాత్రంతా అదే వినపడుతోంది."

ఆ మాట నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఆమెకు చెప్పలేదు. సాయంత్రం దాకా ఊరు దాటకూడదని చెప్పి ఇంటికి పంపాను.

హాలుకు వెళ్లేసరికి గెషె విల్ట్స్ తలుపు దగ్గర నిలబడి ఉంది. నాతో పన్నెండేళ్లుగా పనిచేస్తోంది. లోపలికి చూసి కళ్లతోనే హెచ్చరించింది. టెస్మర్ వచ్చాడు.

డాక్టర్ టెస్మర్ హనోవర్ మనిషి. పల్చని చేతులు, మంచి కోటు. హబ్బో కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"మొయిన్," అని మా ఊరి పద్ధతిలో పలకరించాను.

"మీరింకా వెతుకుతున్నారా, ఇన్‌స్పెక్టర్?" అన్నాడు. "నా నివేదిక చదివినట్టు లేదు."

చదివాను. టెస్మర్ గురించి ఇంకొకటి కూడా చదివాను. ఆ రకం ఇన్వర్టర్లలో కరెంటు దించే భాగం మాడిపోతోందనీ, స్విచ్ ఆపి గంటైనా అవి చంపగలవనీ హబ్బో కోర్టుకు ఫిర్యాదు పెట్టాడు. సోమవారం విచారణ. ఆ ఇన్వర్టర్లు భద్రమని సర్టిఫికెట్ ఇచ్చింది టెస్మర్. ఊరి పైకప్పుల మీద అవి వందల్లో ఉన్నాయి. హబ్బో పోయాక ఆ కొలతలు కళ్లారా చూసిన మనిషి వీబ్కె ఒక్కతే మిగిలింది.

ఆ సంగతి ఎత్తాను. అతను విసుగ్గా చెయ్యి ఊపాడు. తను ఆ ముసలాయన్ని ఎన్నడూ చూడలేదనీ, ఒక్క మాటైనా మాట్లాడలేదనీ, ఒక్క ఉత్తరమైనా రాయలేదనీ చెప్పాడు. నిన్నటికి ముందు ఈ హాలు గడప తొక్కలేదన్నాడు. గెషె రాసుకుంది.

"ఆ ఫిర్యాదుకి విలువేముంది?" అన్నాడు. "నాలుగొందల యూరోల బొమ్మతో కొలిచాడు. నూరు మెగాహెర్ట్జ్ వేగం దాకా చూడగల పెట్టె కొని, ప్రోగ్రాము మార్చి రెండొందలని చూపించుకుంటారు వీళ్లు. లోపల సామాను మారుతుందా? గాడిద మీద గుర్రం జీను వేసినంత మాత్రాన పరిగెడుతుందా?"

"అయిదు నిమిషాల్లో దిగే కరెంటును చూడటానికి గుర్రం దేనికి? గాడిద చాలదూ?"

అతని మొహం బిగిసింది. ఆ వాదన ఇంతకు ముందు ఎవరో అతనితో అన్నారని నాకనిపించింది.

"పైగా," అన్నాను, "సోమవారం కోర్టుకి ఈ పెట్టె పనికిరాని బొమ్మ. ఇవాళ ఒక పిల్లని జైల్లో పెట్టడానికి మాత్రం దీని మాటే వేదం. ఏదో ఒకటి తేల్చుకోండి, డాక్టర్ గారూ."

అతను పెట్టె మీట నొక్కాడు. తెర వెలిగింది. ఓడ రాలేదు. ఒక నల్లని ఖాళీ, తర్వాత గీత. తీగ తీసుకుని ఇత్తడి కొక్కేనికి తగిలించాడు. మూడు వోల్టులు, మెట్లు మెట్లుగా, తుచ తప్పకుండా వచ్చాయి.

"చూశారా? ఇంతకంటే ఏం కావాలి? ఆ ముసలాయన కూడా రోజూ ఇదే చేసేవాడు కదా. అన్నం ముందు ప్రార్థనలాగా." లేచి కోటు సర్దుకున్నాడు. "ఈ చిన్న ఊళ్లో అందరూ అందరికీ చుట్టాలే. మీకు ఆ పిల్ల మీద జాలి. నాకు లేదు. సంతకం సాయంత్రానికి పడుతుంది."

తలుపు వేసుకుని వెళ్లిపోయాడు.

గెషె ఊపిరి వదిలింది. "వీణ్ణి చూస్తే పాచిపోయిన చేప గుర్తొస్తుంది నాకు," అంది.

నేను తెరనే చూస్తున్నాను. గీత బాగుంది. నా భార్య పోయిన రోజు కూడా ఆసుపత్రిలో తెర మీద గీత బాగానే ఉందన్నారు. మంచం మీదున్న మనిషిని ఎవరూ చూడలేదు. అప్పట్నుంచి గీతలంటే నాకు నమ్మకం లేదు.

మూడు వోల్టులు మనిషిని చంపవు. చంపని చోట ఈ పెట్టె నిజం చెబుతోంది. చంపే చోట ఏం చెబుతుందో టెస్మర్ చూడలేదు. లేదా చూడదలచుకోలేదు.

అల్మారాలో పాత వాల్వు రేడియో పవర్ సప్లై ఉంది. మూడొందల వోల్టులు ఇస్తుంది. గోడకు ఎలక్ట్రీషియన్ల టెస్టర్ వేలాడుతోంది. రెండు మొనలు, మధ్యలో చిన్న దీపం. దానికి ప్రోగ్రాము లేదు. కాబట్టి అబద్ధం చెప్పడం చేతకాదు.

రబ్బరు చేతొడుగులు వేసుకున్నాను. గెషెను మెయిన్ స్విచ్ దగ్గర నిలబడమన్నాను. నేను బిగుసుకుపోతే నన్ను పట్టుకోవద్దనీ, స్విచ్ మాత్రం లాగమనీ చెప్పాను.

"మెన్నో, ఇది మన పని కాదు."

"ఇవాళ మనదే."

"టెక్నికల్ వాళ్లని పిలుద్దాం. రేపు వస్తారు."

"ఆ పిల్ల రేపటికి లోపలుంటుంది."

సప్లై తీగలను స్కోపుకు తగిలించాను. అదే తీగలకు టెస్టర్ మొనలు కట్టాను. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాను. ఆ జేబులో నా వేళ్లు చేతిరుమాలును పిసుకుతున్నాయని కాసేపటికి గాని తెలియలేదు. మీట వేశాను.

సప్లై సన్నగా మూలిగింది. పెట్టెలో టక్‌మంది. గీత ఎగిరి పైకి పోయింది. టెస్టర్ దీపం ఎర్రగా వెలిగింది. మూడొందలు. తెరా, టెస్టరూ ఇద్దరూ ఒకటే మాట చెబుతున్నారు.

పావు నిమిషం గడిచింది. నేను మీట ఆపలేదు. గెషె కదల్లేదు. గీత మాత్రం దిగడం మొదలుపెట్టింది.

మెల్లగా, చాలా సహజంగా దిగింది. అలసిన మనిషి మంచం మీదికి వాలినట్టు దిగింది. నూరు. యాభై. పది. అడుగుకు చేరి పడుకుంది. అంకె కూడా సున్నా అయింది.

టెస్టర్ దీపం ఎర్రగా అలాగే వెలుగుతోంది. సప్లై మూలుగు ఆగలేదు. మూడొందల వోల్టులు నా మోచేతికి జానెడు దూరంలో ఉన్నాయి. తెర మాత్రం, ఏమీ లేదు, రెండో చెయ్యి కూడా తియ్యి అంటోంది.

నా వీపు మీద చెమట పట్టింది. హాలులో చలిగా ఉంది.

"దేవుడా," అంది గెషె నోట్లోనే.

"మాట్లాడకు. విను."

"ఏం వినాలి?"

"రిలే."

విన్నాం. ఏ చప్పుడూ లేదు.

అప్పుడు అర్థమైంది. వోల్టులు పెరిగినప్పుడు రిలే ఒకసారి పడుతుంది, పెట్టె లోపలి సున్నితమైన భాగాలు మాడకుండా. వోల్టులు నిజంగా దిగితేనే రెండోసారి పడి వెనక్కి వస్తుంది. గీతను ప్రోగ్రాము గీస్తుంది, కాబట్టి దాన్ని ఎవడైనా మార్చవచ్చు. రిలేను కూడా మోసం చేద్దామంటే పెట్టె మాడిపోయి పొగ వస్తుంది. చౌక పెట్టె. దానికున్నది ఒకే రిలే, ఒకే దారి. హంతకుడికి ఆ హద్దు దాటడం కుదరలేదు. అందుకే దాన్ని వదిలేశాడు. గీత పడుకుంది, రెండో చప్పుడు రాలేదు. చెవి మందగించిన ముసలివాడు కళ్లను నమ్ముకున్నాడు.

మీట ఆపేశాను. టెస్టర్ దీపం వెలవెలబోయి ఆరింది. ఆరాక పెట్టెలో టక్‌మంది.

అదే రెండో చప్పుడు. హబ్బో పడ్డాక వీబ్కె విన్నది ఇదే. అంటే అతను ముట్టుకునే క్షణానికి కరెంటు లోపలే ఉంది. అది దిగింది తర్వాత. హబ్బోలోంచి దిగింది. ఎవరూ స్విచ్ వెయ్యలేదు.

"పిల్ల బతికిపోయింది," అంది గెషె. గోడకు ఆనుకుని కూలబడింది.

నేను కూర్చోలేదు. టెస్మర్ అన్న మాట ఒకటి చెవిలో పురుగులా తిరుగుతోంది. అన్నం ముందు ప్రార్థనలాగా.

"గెషె, ప్రార్థన సంగతి నువ్వు వాడికి చెప్పావా?"

"ఏ ప్రార్థన?"

ఆమెకే తెలియదు. వీబ్కె ఇవాళ నాకు చెప్పింది. నేను ఇంకా కాగితం మీద పెట్టలేదు. ఆ జోకు సంఘంవాళ్లకు తెలుసు. పేరు చెప్పని ఆ స్నేహితుడికి తెలుసు. టెస్మర్ సంఘం మనిషి కాదు. ముసలాయనతో ఒక్క మాటైనా మాట్లాడలేదని ఇప్పుడే గెషె చేత రాయించాడు.

ఆరు నెలలు స్నేహం చేశాడు. ముసలివాడు ఏ పరీక్ష చేస్తాడో అడిగి తెలుసుకున్నాడు. ఆ పరీక్షలో నెగ్గే అబద్ధం తయారుచేశాడు. దాని కోసం ఓడను తోసేసి జాగా చేశాడు. ఇన్వర్టర్ కరెంటు దించుకోదని అందరికంటే బాగా తెలిసినవాడు వాడే.

సంతకం సాయంత్రానికి పడుతుందని తొందరపడ్డవాడు న్యాయవాది ఆఫీసుకే వెళ్లి ఉండాలి. ఫోను చేశాను. రాలేదన్నారు.

వీబ్కె ఇంటికి చేశాను. చాలాసేపు మోగింది. ఆమె ఇంటి వెనక షెడ్డులోనే పని చేసుకుంటుంది, ఫోను గోడకు ఉంటుంది. చివరికి ఎత్తింది. గొంతులో ఉత్సాహం ఉంది. నిన్నటినుంచి ఆ గొంతులో అది వినలేదు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మీకే చేద్దామనుకుంటున్నా. డాక్టర్ గారు వచ్చారు. హబ్బో ఎలా చేసేవాడో అచ్చంగా చేసి చూపిస్తే నివేదిక మారుస్తానన్నారు. నా దగ్గర అలాంటి ఇన్వర్టరే ఇంకోటి ఉంది. స్కోపు ఆయన కార్లోంచి తెచ్చారు, హబ్బోదిలాంటిదే. కొక్కెం దగ్గర పరీక్ష కూడా చేశా."

ఫోనులోంచి ఆ మాటలు విన్న గెషె అప్పటికే కారు వైపు పరిగెడుతోంది. ఇక్కణ్ణుంచి అక్కడికి ఎంత వేగంగా పోయినా పావుగంట.

"వీబ్కె, మెల్లగా మాట్లాడు. ఒక్క ముక్కలో చెప్పు చాలు. గీత ఎక్కడుంది?"

"పడుకుంది."

"టక్‌మని ఎన్నిసార్లు విన్నావు?"

 ఆమె లెక్కపెట్టుకోవడం నాకు వినిపించింది. ఊపిరి మారింది.

"ఒక్కసారే," అంది. గొంతు పూర్తిగా తగ్గిపోయింది.

"రెండు చేతులూ జేబుల్లో పెట్టుకో. రెండూ. ఆ బల్ల దగ్గరికి పోవద్దు."

"పెట్టుకోలేను. ఫోను పట్టుకున్నా కదా," అంది. చిన్నపిల్ల చెప్పినట్టు చెప్పింది. తర్వాత ఇంకా చిన్నగా, "ఆయన తలుపు వేస్తున్నారు," అంది.

ఫోను చేతిలోంచి జారినట్టుంది. తీగకు వేలాడుతూ గోడకు కొట్టుకుంది. కాళ్ల చప్పుడు. బల్ల జరిగిన చప్పుడు. టెస్మర్ గొంతు దూరంగా, చాలా మర్యాదగా వినిపించింది.

"గీత పడుకుందిగా అమ్మాయ్. ఇంక భయమెందుకు?"

నేను ఫోనులోకి ఆమె పేరు పెట్టి పిలిచాను. మళ్లీ పిలిచాను. ఏదో బరువైనది పడింది.

తర్వాత టక్‌మంది.

రెండో చప్పుడు. కరెంటు దిగిపోయింది. ఎవరిలోంచి దిగిందో తెలియక, ఆ ఫోను చెవికి అదుముకుని, ఎవరైనా ఊపిరి పీలుస్తారేమోనని వింటూ నిలబడ్డాను.